మార్జరీ అంజూర పచ్చడి

మార్జరీని మట్టిచేసి జనం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి టీ బల్ల సిద్ధంగా ఉండాలి. ఆ పని పక్కింటి వెండీ నెత్తినేసుకుంది. ఎవరూ అడగలేదు లెండి! చావింట్లో వంటగది తనదేనని ఆవిడ నమ్మకం.

హామ్ శాండ్‌విచ్‌లు పేర్చింది, మాంసం కూరిన పోర్క్‌-పై కోసింది, ఖరీదైన మేకపాల చీజ్ కూడా పెట్టింది. నంజుకోడానికేమీ లేక బల్ల బోసిగా కనిపించింది. అలమరా వెనక మార్జరీ చేసిన అంజూర పచ్చడి ఒకే ఒక్క సీసా మిగిలుంది. ఎవరో ఒకరు తినాల్సిందేగా అనుకుని మొత్తం గిన్నెలోకి ఒంపేసింది.

"అబ్బ! ఈ చీజ్‌తో తింటుంటే ప్రాణం లేచొస్తోంది. నువ్వే చేశావా వెండీ?" అంది పాస్టర్ గారి భార్య ప్రూ.

ఇన్నేళ్ళూ ఊరంతా మార్జరీ పచ్చడినే పొగిడింది. వెండీ పచ్చడికేసి చూసినవాడు లేడు. "ఆఁ, ఏదో, నాకొచ్చినట్టు," అనేసింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి.

మార్జరీ పోయిన దగ్గర్నుంచి ముద్ద ముట్టని ఆవిడ భర్త క్లిఫర్డ్ కూడా రొట్టె మీద రాసుకుని గబగబా రెండు ముక్కలు తిన్నాడు.

అందరూ వెళ్ళాక వంటగదిలోకొచ్చాడు. "వెండీ, నీ పచ్చడి అచ్చం మార్జరీ చేసినట్టే ఉంది. తన చేతిది ఒక్క సీసా దాచుకున్నాను. అయిపోతే ఇంకేముందని మూత తియ్యడానికే భయపడ్డాను. ఇక నువ్వున్నావుగా. ఇవాళ తీసుకుని తింటాను." అంటూ అలమరా వైపు నడిచాడు.

వెండీకి తల కొట్టేసినట్టయింది. ఖాళీ సీసా సింకులో సబ్బునీళ్ళలో నానుతోంది.

"వెతక్కు క్లిఫర్డ్. నువ్వు తిన్నది అదే. నేనే తీసి వడ్డించాను."

"ప్రూ అడిగితే నీదన్నావుగా?"

"అన్నాను. అబద్ధం. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

క్లిఫర్డ్ గిన్నె అందుకున్నాడు. అందరూ రొట్టెతో తుడుచుకుని మరీ తిన్నారు, అడుగున మరక కూడా లేదు. కోప్పడితే బాగుండుననుకుంది వెండీ. అతను కోప్పడలేదు.

"ముందే చెప్పి ఉంటే," అన్నాడు, "నెమ్మదిగా తినేవాణ్ణి."