అద్దాల బీరువాలో ఊపిరి

నబుకీర పడుకున్న మంచాన్ని కూడా వదల్లేదు.

"జర లేసి కింద కూసో తల్లీ, పైనోళ్ల మాట" అన్నాడు కాలేజీ కాపలాదారు, తొలికాన్పు నొప్పులు మొదలైన మనిషితో. ఆమె తల్లి తేవొపిస్త అవ్వ ఇంటినుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ పట్టా నేలమీద పరిచింది. ఆ ఆస్పత్రికి కాన్పుకొచ్చే ప్రతి ఆడదీ పట్టా, చేతితొడుగులు, బేసిను, బ్లేడు, దారం తానే మోసుకు రావాలి. ఇన్నాళ్లూ అక్కడ సర్కారుది అంటూ ఉన్నది మంచం ఒక్కటే. ఇప్పుడు దానికీ కాళ్లొచ్చాయి.

ఆ కాళ్లలో ఒకటి నలుమాన్సి చేతిలో ఉంది. ఆమె మంత్రసాని కోర్సు చివరి సంవత్సరం చదువుతోంది. చివరి సంవత్సరం వాళ్లంతా మంచాలు మోయాలని ప్రిన్సిపాల్ ఆజ్ఞ. మంచం గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అవ్వ అడిగింది.

"యాడికి బిడ్డా, మా మంచం?"

నలుమాన్సికి జవాబు తెలుసు. చేతిలోని కోడును ఇంకాస్త ఎత్తి గుమ్మం దాటించింది.

క్యాలుగొందో కొండమీద ఒకే ప్రహరీకి అటు సర్కారు ఆస్పత్రి, ఇటు లుతాయా గారి నర్సింగ్ కాలేజీ. కాలేజీకి గుర్తింపు గడువు తీరిపోయింది. మళ్లీ ఇవ్వాలా వద్దా అని చూడడానికి రాజధాని కంపాలా నుంచి తనిఖీ బృందం గురువారం వస్తోంది. వాళ్లకు మంచాలు, పరికరాలు ఉన్న శిక్షణ గది చూపించాలి. లుతాయా ఏళ్లతరబడి ఆ గది పేరుతో ఫీజు వసూలు చేశాడు, సరస్సు ఒడ్డున హోటల్ కట్టాడు. గది మాత్రం కట్టలేదు. కాలేజీ పిల్లలు కాన్పు చెయ్యడం నేర్చుకున్నది ఒక దిండు మీద, తల ఊడిన బొమ్మ మీద. ఆస్పత్రి పాలకసంఘానికి పెద్ద కూడా ఆయనే. కంచే చేను మేస్తుంటే కాపలా ఎవరిని పెట్టుకోవాలి? అందుకే మంచాలు గోడ దాటాయి. వాటితోపాటు రక్తపోటు చూసే మిషను, పసిపిల్లలను తూచే త్రాసు, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు గాలి పట్టే రబ్బరు సంచీ వెళ్లాయి. ఆ సంచి ఆస్పత్రి మొత్తానికీ ఒక్కటే.

మాస్టర్లు కూడా అద్దెకే వచ్చారు. పక్క జిల్లానుంచి వ్యానులో దిగిన ఒకాయన పాఠం చెప్పే గది ఎక్కడో తెలియక నేరుగా వంటశాలలోకి వెళ్లి, కారెట్లు తరుగుతున్న వంటామెకు గుడ్ మార్నింగ్ చెప్పాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

ప్రిన్సిపాల్ కవీసా అందరినీ ముంగిట్లో నిలబెట్టి మాట్లాడాడు. చెడ్డవాడిలా కనిపించే మనిషి కాదు. మెత్తగా మాట్లాడతాడు, ఎవరికి జ్వరమొచ్చినా పేరు పెట్టి అడుగుతాడు. ఇలాంటివాళ్లు లేకపోతే లుతాయాల బండి ఒక్కరోజు కూడా నడవదు.

"పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో మా అమ్మాయికి పన్ను పుచ్చిందని ఎవరైనా చెబుతారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నలుమాన్సీ నవ్వింది. "గుర్తింపు రాకపోతే మీకు ఫైనల్ పరీక్ష ఉండదు. మీ మూడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. నోరు జారినవాళ్లు తమ గొయ్యితో పాటు స్నేహితుల గొయ్యి కూడా తవ్వుతారు. గుర్తుంచుకోండి."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. నలుమాన్సికి తమ్ముళ్లు గుర్తొచ్చారు. ఆమెను చదివించడానికి ఇద్దరూ బడి మానేసి రాళ్ల క్వారీలో చేరారు. పెద్దవాడికి గోళ్లు లేవిప్పుడు. ఆమె చేతికి రాబోయే సర్టిఫికెట్టు ఆమె ఒక్కదానిదే కాదు.

బుధవారం మధ్యాహ్నం నబుకీర నేలమీదే కన్నది. మగబిడ్డ. నీలంగా ఉన్నాడు, ఏడవలేదు.

వార్డులో ఒక్కతే ఉన్న నర్సమ్మ బిడ్డ వీపు రుద్దింది, తలకిందులు చేసింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఊదడం మధ్యలో తలెత్తి, సాయంగా నిలబడ్డ నలుమాన్సితో "సంచి తే నలుమాన్సీ, ఉరుకు" అంది.

నలుమాన్సి చెప్పులు లేకుండా గోడ దాటింది. శిక్షణ గదిలో మంచాలు తెల్లదుప్పట్లు కప్పుకుని వరసగా ఉన్నాయి, వాటిమీద మనిషన్నవాడు లేడు. గోడవారన కొత్త అద్దాల బీరువా. మూడో అరలో, తుడిచి మెరిపించిన రబ్బరు సంచి. బీరువాకు తాళం.

కవీసా పరుగున వచ్చాడు. సంగతి విని అతని మొహం కూడా పాలిపోయింది. అది అబద్ధం కాదు.

"తాళంచెవి నా దగ్గర లేదమ్మా. లుతాయా గారు పట్టుకెళ్లారు. ఉండు, ఫోన్ చేస్తాను."

"సార్, అద్దం పగలగొడ్తా."

"రేపు పొద్దున్నే తనిఖీ. ఈ ఊళ్లో అద్దం దొరుకుతుందా? నీ భవిష్యత్తు కాస్త ఆలోచించుకో."

అతను ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ నడిచాడు. నలుమాన్సి అద్దం ముందు నిలబడింది. పక్కనే కుర్చీ ఉంది. ఆ కుర్చీని చూసింది, సంచిని చూసింది, తమ్ముడి చేతులు కళ్లముందు ఆడాయి. కుర్చీ ఎత్తలేదు.

ఫోను కలవలేదు. వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి నర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అవ్వ మనవడిని, పోయినవాళ్లకు చుట్టే చెట్టుబెరడు గుడ్డలో చుడుతోంది. బిడ్డ పుడితే ఉడికించి ముద్దచేద్దామని తెచ్చిన అరటికాయలు మూలన బుట్టలో అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం పిల్లలంతా భోజనాల గదిలో చేరారు. మొక్కజొన్న ముద్ద, చిక్కుడుగింజలు పళ్లాల్లోనే చల్లారిపోయాయి. విద్యార్థి సంఘం నాయకుడు ముగాలు బల్లమీద చరిచి మాట్లాడాడు.

"నాకు మాత్రం కడుపు మండదా? కాని రేపు మనం నోరు తెరిస్తే ఏమైతది? కాలేజీ మూతపడ్తది. లుతాయాకు హోటలుంది. మనకేముంది? రేపు దాటనియ్యిరి. తర్వాత అందరం కలిసి పోయి అడుగుదాం."

"దాటినంక నిన్నెవడు పట్టించుకుంటడు?" అంది నలుమాన్సి. "మనతోని వానికి పనున్నది రేపొక్కనాడే."

"నువ్వు కోపంల మాట్లాడుతున్నవు."

"కోపంల కాదు, సిగ్గుతోని మాట్లాడుతున్న. కుర్చీ నా పక్కనే ఉండె. అద్దం పగలగొట్టలె. సర్టిఫికెట్టుకు భయపడ్డ."

"మా అమ్మ పొలం దున్నుకుంట నన్ను చదివిస్తున్నది" అంది వెనకనుంచి ఒక పిల్ల, ఏడుపు గొంతుతో. "నాకు పరీక్ష గావాలె. చంపినా నోరిప్ప."

"నోరు మూసుకుని మంత్రసానివైతవు, మంచిదే. దిండు మీద నేర్చుకున్న చేతుల్తోని యాడ కాన్పు జేస్తవు?" అన్నారెవరో. గది రెండుగా చీలింది. కుర్చీలు జరిగాయి, ఒకరినొకరు తోసుకున్నారు.

అప్పుడే తలుపులో తేవొపిస్త అవ్వ కనిపించింది. బిడ్డను పాతిపెట్టి వచ్చిన చేతులకు ఎర్రమట్టి ఇంకా ఉంది. తోసుకుంటున్న చేతులు కిందికి దిగాయి.

"మీల మంచం మోసినోళ్లు ఎవరు?" అని అడిగింది.

 నలుమాన్సి చెయ్యెత్తింది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు ఎత్తారు. చివరికి ముగాలు చెయ్యి కూడా లేచింది.

"మిమ్మల్ని తిట్టనీకి రాలె" అంది అవ్వ. "మా కొండమీద మేకను ఎత్తుకపోయినా కేకేస్తం. విన్నోడు విన్నట్టే రావాలె, చేతిల ఏముంటే అది పట్టుకోని. కేక విని ఇంట్ల కూసున్నోడు దొంగకు వాటాదారు. అందరు వచ్చినంక కేకేసినోళ్లు దొంగ పేరు చెప్పాలె, గంతే. నిన్న మంచం పోయిననాడే నేను కేకెయ్యాల్సింది. పెద్ద కాలేజీ గదా, సదువుకున్నోళ్లు గదా అని ఊకున్న. గా తప్పు నాది."

"కేక పశువుల దొంగలకు గదా అవ్వా" అన్నాడు ముగాలు నసుగుతూ.

"మనిషి పిల్ల మేకకన్న తక్కువాయెనా కొడుకా?"

అతను తల దించుకున్నాడు. అయినా మీటింగులో ఏదీ తేలలేదు. భయం ఒక్క పూటలో పోయేది కాదు. ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు.

గురువారం పొద్దున గేటుకు అరటిచెట్లతో తోరణం కట్టారు. అతిథులు దిగగానే గొంతెత్తి స్వాగతం పాడాలని వార్డులో రోగులకు తోడున్న ఆడవాళ్లను కవీసా పిలిపించాడు. మనిషికో సబ్బుముక్క, గుప్పెడు చక్కెర ఇస్తానన్నాడు. వాళ్లు వచ్చారు. తేవొపిస్త అవ్వ కూడా వచ్చి అందరికంటే వెనక నిలబడింది. కేక అందుకునే గొంతులన్నిటినీ తన గేటు దగ్గర తానే పోగేశానని కవీసాకు తోచలేదు.

కార్లు వచ్చాయి. స్వాగతం పాట పలచగా సాగింది. లుతాయా కొత్త కోటులో ముందు నడిచి, పిల్లలు వరసకట్టి నిలబడ్డ శిక్షణ గదిలోకి వాళ్లను తీసుకెళ్లాడు. బృందం పెద్ద తలనెరిసిన స్త్రీ, కళ్లజోడు సరిచేసుకుంటూ మంచాలు చూసింది, దుప్పటి అంచు వేళ్లతో పట్టి చూసింది. బీరువా దగ్గర ఆగి, వరసలో మొదట ఉన్న నలుమాన్సిని పిలిచింది.

"పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోవడం లేదు. ఏం చేస్తావు? చేసి చూపించు."

"సంచి కావాలె మేడమ్."

"తప్పకుండా" అన్నాడు కవీసా. చిరునవ్వుతో చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు, తాళంచెవి తీశాడు, బీరువా తెరిచి సంచిని ఆమె చేతిలో పెట్టాడు.

నలుమాన్సి ఆ తాళంచెవిని చూసింది. తర్వాత అతని మొహం చూసింది. అతనికి అప్పుడు అర్థమైంది. చిరునవ్వు మొహంమీదే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

నిన్న కూడా అది ఆ జేబులోనే ఉంది.

నలుమాన్సి సంచిని చంకన పెట్టుకుని నోరు తెరిచింది. ఏడుపనుకుంది. కాదు. రెండు చేతులు నోటికి ఇరుపక్కలా పెట్టి, చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర విన్న ఆ పొడుగాటి కేక వేసింది. గది అద్దాలు అదిరాయి. బృందం పెద్ద ఒక అడుగు వెనక్కి వేసింది.

మొదట ఏమీ జరగలేదు. వరసలో పిల్లలు బిక్కచచ్చి నిలబడ్డారు. లుతాయా "పిచ్చిదాన్ని బయటికి లాగండి" అన్నాడు. కాపలాదారు రెక్క పట్టుకున్నాడు.

అంతలో గేటు దగ్గర అవ్వ ఆ కేకను అందుకుంది. ఆమె పక్కవాళ్లు అందుకున్నారు. తరాలుగా నేర్చిన చెవులవి, కారణం అడగవు. సబ్బుముక్కలు నేలరాలాయి. వంటశాలనుంచి గరిటెలతో వచ్చారు, రోడ్డుమీద కిరాయి మోటారుసైకిళ్లు నడిపే కుర్రాళ్లు బేరాలు వదిలేసి వచ్చారు, సంతలో చేపలు అమ్మేవాళ్లు కత్తులతోనే వచ్చారు. గది నిండింది, వరండా నిండింది, ముంగిలి నిండింది.

"దొంగ ఎవడు?" అని అడిగారు. అది రివాజు.

నలుమాన్సి సంచిని అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"గీ మంచాలు కాన్పుల వార్డువి. తీసుకొచ్చింది లుతాయా. తాళం వేసింది కవీసా. మోసింది మేము. నబుకీర కొడుకు ఊపిరి నిన్న గీ బీరువాల ఉండె."

గుంపు ఒక్కసారిగా కదలబోయింది. లుతాయా గోడకు అంటుకుపోయాడు. చేపకత్తి పట్టుకున్న ఒకామెకు అవ్వ అడ్డం నిలబడింది.

"ఆనిని ముట్టకు. ఆనిమీద చెయ్యేస్తే మనమే దొంగలమైతం. ముందుగాల మన సొమ్ము మనం తీస్కపోదం."

ముగాలు వరసలోనుంచి బయటికొచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా మొదటి మంచం కోడు పట్టుకున్నాడు. చంపినా నోరిప్పనన్న పిల్ల నోరిప్పలేదు, రెండో కోడు పట్టుకుంది. ఆ తర్వాత లెక్కలేదు. మంచాలు జనం భుజాలమీద తెల్లదుప్పట్లతో సహా లేచాయి, తనిఖీ బృందం ముందునుంచే నడిచాయి, అరటి తోరణం కిందుగా బయటికి వెళ్లాయి. అద్దె మాస్టరొకడు టై సర్దుకుని ఒక చెయ్యి వేశాడు.

"మేం చూసింది రాసుకుంటాం" అంది బృందం పెద్ద, ఎవరితో అంటోందో తెలియకుండా.

"చూసిందే రాయిరి మేడమ్, చూపెట్టింది కాదు" అంది నలుమాన్సి. "కాలేజీ మూయమంటలేము. మంచాలు కొననీయిరి, మాస్టర్లను పెట్టనీయిరి. అప్పుడు గుర్తింపు అడగనీయిరి."

ఆవిడ ఏం రాసిందో ఎవరికీ తెలియదు. అలాంటివాళ్ల కలంమీద ఆశపెట్టుకుని ఏ వార్డుకూ మంచాలు రాలేదు.

పోలీసులకు మాత్రం కబురు ఇట్టే అందింది. దొంగతనం, అల్లరి అని కేసు రాశారు. కొందరిని కొట్టారు. నబుకీరను మంచంమీద పడుకోబెట్టి నర్సమ్మ దుప్పటి కప్పుతుండగా నలుమాన్సిని వార్డు గుమ్మంలోనే పట్టుకున్నారు. "నీకిక పరీక్ష లేదు, ఈ జన్మకు లేదు" అన్నాడు లుతాయా, దుమ్ము దులుపుకుంటూ.  తమ్ముళ్లకు ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. అయినా తల దించలేదు. సంచిని నర్సమ్మ చేతిలో పెట్టి పోలీసుల పికప్ బండి ఎక్కింది.

బండి కొండ దిగింది. పక్కన కూర్చున్న కానిస్టేబులు గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఆమెకు వచ్చే నెల కాన్పు. వార్డుల మంచాలున్నయా ఇప్పుడు?"

"ఉన్నయి. ఇయ్యాల్టికి ఉన్నయి."

వెనక కొండమీద కేక మళ్లీ లేచింది. అది వీళ్లనే వెంటాడుతోందనుకున్నాడు డ్రైవరు, బండి వేగం పెంచాడు. కాని కొండమీది కేకకు రోడ్డుతో పనిలేదు. విన్న కొండ పక్క కొండకు అందించాలి, అది కూడా రివాజే. మొదటి మలుపులో పారలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. రెండో ఊళ్లో బడి పిల్లలు, కాఫీ గింజలు ఎండేసేవాళ్లు నిలబడి ఉన్నారు. బుకులా పోలీసు స్టేషను వచ్చేసరికి ముంగిట్లో కాలు పెట్టే సందు లేదు. చేతిలో ఏముంటే అది పట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు, ఆమె మొహం ఎన్నడూ చూడనివాళ్లు.

పికప్ ఆగింది. జనంలోనుంచి ఒక ముసలాయన ముందుకొచ్చి, అడగవలసిన మాట అడిగాడు.

"దొంగ ఎవడు బిడ్డా?"

నలుమాన్సి బండిలోనే లేచి నిలబడింది, బేడీలు వేసిన చేతులతో కమ్మీ పట్టుకుని మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. కానిస్టేబులు ఆమెను కూర్చోమనలేదు.