బుదైయా గట్టున పెట్టిన ఒట్టు

మా ఇంద్రజ కిర్గిజ్‌స్థాన్‌లో డాక్టరీ చదువుతోంది. సెలవులకి బహ్రెయిన్ రావే అంటే వినకుండా, స్నేహితురాలు మీరిమ్‌తో కలిసి వాళ్ల ఊరు వెళ్లింది. అదేం ఊరో తెలుసా? చుట్టూ మంచుకొండలు, నడుమ గిన్నె అడుగులా కాస్త చదును నేల, గడ్డకట్టిన ఓ ఏరు, గుప్పెడు ఇళ్లు. బయటికి ఒక్కటే దారి, అదీ కొండ కనుమ మీదుగా.

వెళ్లేముందు ఫోన్లోనే ఒట్టు వేయించుకున్నాను. "మాంసం ముట్టావంటే నా మీద ఒట్టే!" అన్నాను. "సరే, నీ మీద ఒట్టు" అంది. మా ఇంట్లో తల్లి మీద ఒట్టంటే ఆటలు కాదు. తప్పితే తల్లి పోతుందని చిన్నప్పటి నుంచీ దానికి నూరిపోసి పెంచాను.

అది చేరిన మర్నాడే మంచు తుఫాను. కనుమ మూసుకుపోయింది, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఇక్కడ బహ్రెయిన్‌లో, మా అద్లియా పేటలో జనం పొట్టిచేతుల చొక్కాలేసుకుని కాఫీలు తాగుతున్నారు. నా ఫోన్లో ఆ ఊరి చలి సున్నాకి కింద ఎక్కడో పాతాళంలో ఉంది. రోజులు గడుస్తున్నాయి, పిల్ల జాడ లేదు.

మా వీధి బ్యూటీ పార్లర్‌లో పనిచేసే బురుల్‌ది ఆ కొండలవైపే. పరిగెత్తుకెళ్లి అడిగాను.

"చలికి భయపడకండి. గోడలు చాలా మందం. పొయ్యిలో పిడకలు రాత్రీ పగలూ మండుతూనే ఉంటాయి" అంది.

పిడకలనగానే ప్రాణం కాస్త కుదుటపడింది. "మరి తిండో?"

"ఆ ఎత్తులో బంగాళదుంప కూడా పండదు. చలికాలం మొదట్లో గుర్రాన్ని కోసి దాచుకుంటారు. ఆ మాంసం పులుసుతోనే ఒంట్లో వేడి. ఒట్టి రొట్టె, టీతో మీ అమ్మాయి తట్టుకోవడం కష్టం."

గుర్రం! ఇంకో రోజైతే అక్కడే వాంతి చేసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, గుర్రాన్నైనా తినవే తల్లీ అనుకున్నాను. కానీ అది తినదు. మొండిఘటం, అచ్చం నాలాగే.

ఇంటికొచ్చి మా ఆయన వేంకటాచలం మీద విరుచుకుపడ్డాను. "ఒట్టు తీసి గట్టున పెట్టాలి, ఇప్పుడే!"

"అది వినకుండా ఎలా తీస్తావే?"

"మీకనవసరం. నాకో గట్టు చూపించండి, చాలు."

"ఈ ఎడారిలో గట్టెక్కడుంది చాముండీ?" అని నవ్వబోయి, నా మొహం చూసి కారు తాళాలు తీశారు.

బుదైయా తీరానికి వెళ్లాం. చేపలు పట్టేవాళ్లు గాలాలు వదిలేసి మమ్మల్నే చూస్తున్నారు. చూస్తే చూశారులే అని ఈశాన్యానికి తిరిగి, "ఇందూ! నీ ఒట్టు తీసి గట్టున పెట్టేశానే! తినవే!" అని గొంతు చించుకున్నాను. ఆయన ఎగతాళి చేస్తారనుకున్నా. నా పక్కన నిలబడి, "నేనూ పెట్టేశానమ్మా" అన్నారు మెల్లగా.

మర్నాడు పొద్దున్న పప్పులోకి పోపు వేస్తుంటే ఫోన్ మోగింది. వీడియోలో ఇంద్రజ! బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, మనిషి మాత్రం నిక్షేపంలా ఉంది. వెనక పొయ్యి, పొయ్యి పక్కన ఓ ముసలావిడ. అది నన్ను ఎగాదిగా చూసి వలవలా ఏడ్చేసింది.

"అమ్మా, నీకేం కాలేదు కదా? కరెంటు పోయిన రోజే పులుసు తాగేశానమ్మా. చలికి ఆగలేకపోయాను. మీరిమ్ వాళ్ల మామ్మ కొట్టినంత పని చేసి తాగించింది. అప్పట్నుంచీ నీకేమైందో ఏమోనని... ఫోన్ చేద్దామంటే లేదు... ఏడుస్తూనే ఉన్నాను."

డాక్టరీ చదివే పిల్లండీ! అంత మంచులో తనకేమవుతుందోనని కాదు, నాకేమైందోనని ఏడ్చింది.

"నాకేమవుతుందే పిచ్చిమొహమా! గుండ్రాయిలా ఉన్నాను" అంటూ నేనూ ఏడ్చాను. పోపు మాడి ఇల్లంతా పొగ. ఆయన పరుగున వచ్చి స్టవ్ ఆపారు. కళ్లు తుడుచుకుంటూ, పొగ వల్లే అన్నారు.

"పులుసు ఇంకా ఉందా?" అని అడిగాను.

"ఉందమ్మా."

"అయితే ఇంకో గిన్నెడు తాగు. తాగకపోయావో, నా మీద ఒట్టే!"