కొంగుముడిలో ప్రభువు

గోదావరికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటిన రోజులవి. మొగల్తూరు అవతల కాలవ గట్టున ఉన్న పేటలో పాతిక ఇళ్ళవాళ్ళు కథోలికుల్లో కలిసి నాలుగేళ్ళయింది. నరసాపురం నుంచి తెల్లదొర ఫాదరుగారు ఏడాదికి రెండుసార్లు పడవ మీద వచ్చేవారు. వచ్చారంటే పొద్దున్నే తాటాకు గుడిలో పూజ, సత్ప్రసాదం, మధ్యాహ్నానికల్లా మళ్ళీ పడవ. మిగతా రోజులన్నీ ఉపదేశి జీవరాజుగారివే. జపాలు నేర్పేది ఆయనే, తప్పు చెబితే మొట్టికాయ వేసేదీ ఆయనే.

రత్తమ్మ ఆయన చేత ఒక్క మొట్టికాయ కూడా తినలేదు. జపాలన్నీ ఆమెకు నోటికొచ్చు. కానీ ఆ ఉదయం గుడిలో మోకాళ్ళ మీద ఉందన్న మాటేగాని ప్రాణమంతా ఇంట్లోనే ఉంది. మొగుడు చిట్టియ్య రెండు నెలలుగా చాప దిగలేదు. కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది, ఊపిరి తీసుకోవడమే పెద్ద పనైపోయింది.

బయల్దేరే ముందు అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రత్తీ, ఫాదరుగారు మళ్ళీ వచ్చేదాకా నేనుండనే. నాకిక ఆ ప్రసాదం దక్కదా?"

"ఎందుకు దక్కదు మావా? నే తెస్తాను కదా!"

ఇందులో వింతేముంది చెప్పండి! మనవైపు జాతరకెళ్ళినా, మొక్కు తీర్చుకోడానికెళ్ళినా రాలేనివాళ్ళ వంతు కొంగున కట్టుకొస్తారు. తేకపోతేనే నలుగురూ ఆడిపోసుకుంటారు. ఫాదరుగారినే ఇంటికి రమ్మని అడగొచ్చన్న ఊహ ఆమెకు రానేలేదు. కరణంగారి పాలేరే తొక్కని గుమ్మం, దొర తొక్కుతాడా?

సత్ప్రసాదం నలుసైనా కింద పడకూడదని, ఆడవాళ్ళు గడ్డం కింద కొంగు పట్టుకోవాలని జీవరాజుగారి కట్టడి. ఫాదరుగారు లాటిన్‌లో ఏదో అంటూ తెల్లటి పల్చటి అప్పాన్ని ఆమె నాలుక మీద పెట్టి పక్కకు జరిగారు. రత్తమ్మ నోరు మూయలేదు. తల వంచి దాన్ని కొంగులోకి జారవిడిచింది. ముడేసుకుని, ఆఖరి జపం కాకుండానే బయటపడింది.

గట్టెక్కాక ఒళ్ళు జలదరించింది. అది రొట్టె కాదు, సాక్షాత్తూ ప్రభువేనని నాలుగేళ్ళుగా వల్లిస్తూనే ఉంది. వల్లించడం వేరు, మొయ్యడం వేరు. భూమినీ ఆకాశాన్నీ చేసినవాణ్ణి పట్టుకుని ఈ నాట్లేసే చేతులు నడిచిపోతున్నాయే! అమ్మో! రోజూ అడ్డంగా దిగిపోయే బోదె కాలవను ఆవేళ చుట్టు తిరిగి దాటింది. చెప్పుల్లేని కాళ్ళతో పేడ తొక్కకుండా చూసి చూసి అడుగేసింది. ఎవరు పలకరించినా పలకలేదు. నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది.

గుమ్మం దగ్గర జీవరాజుగారు రొప్పుతూ వచ్చి అందుకున్నారు.

"ఏంటే ఆ ముడి? విప్పు!"

విప్పింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీ ఇల్లు బంగారంగానూ! ఎంత పని చేశావే! ఇంక నిన్ను గుడి గడప తొక్కనిస్తారటే?"

రత్తమ్మ కొంగును రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నన్ను వెలేసెయ్యండి బాబూ, పడుంటాను. ఇది మాత్రం మా ఆయన నోట్లో వెయ్యనివ్వండి. ఆయనకి మళ్ళీ పూజ లేదండి."

అప్పటికే పేటంతా పోగైంది. వాళ్ళను తప్పించుకుంటూ ఫాదరుగారు వచ్చారు, పూజ బట్టల మీదే, మోకాళ్ళ దాకా బురదతో. అప్పం నాలుక తడికి కొంగుకు అంటుకుపోయి ఉంది.

"ఎంగిలైపోయిందండి," అన్నారు జీవరాజుగారు గొంతు తగ్గించి. "కాలవలో కలిపేద్దామాండి?"

 ఆరడుగుల దొర ఫాదరుగారు రత్తమ్మ ముందు, గుమ్మంలో కడుగునీళ్ళు పారే బురదలో, రెండు మోకాళ్ళూ ఆనించారు. ఆమె చేతుల కింద తన చేతులు పట్టారు. తల వంచి, ఆ కొంగులోంచే దాన్ని నోటితో అందుకున్నారు. తర్వాత చెంబుతో నీళ్ళడిగి, కొంగు తడిసిన చోటు అందులో ముంచి, ఆ నీళ్ళు కూడా తాగేశారు.

 ఆ పేట చెంబు పైవాళ్ళెవరూ ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు. ఎంగిలి సంగతి సరేసరి. రొట్టెయితే ఇలా ఎవరు తింటారు? కాదు, అది రొట్టె కానేకాదు.  జీవరాజుగారు ఎప్పుడు మోకరించారో ఆయనకే తెలియదు.

"అమ్మా, తప్పు నీది కాదు," అన్నారు ఫాదరుగారు లేస్తూ. "పిలిస్తే వస్తామని నీకు చెప్పని మాది."

నడుం వంచి గుడిసెలోకి వెళ్ళారు. అందరినీ దూరంగా ఉండమని చిట్టియ్య తన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం విన్నారు. తర్వాత రత్తమ్మను లోపలికి పిలిచి, రోగుల కోసం మెడలో వేసుకునే చిన్న వెండి బరిణె తెరిచారు. అందులో ఒకే ఒక్క అప్పం ఉంది.

చిట్టియ్య దాన్ని అందుకోడానికి నోరు తెరవలేదు. "మరి రత్తికొకటండి? నాకోసమని దాని వంతు పోగొట్టుకుందండి."

ఫాదరుగారు అప్పాన్ని రెండుగా విరిచారు.

"వద్దండి బాబూ!" అంది రత్తమ్మ కంగారుగా. "ఆయనకి సగమైపోద్దండి!"

"సగం కాదమ్మా. ఏ ముక్కలో చూసినా ఆయన పూర్తిగా ఉన్నాడు."

ఇద్దరికీ ఇచ్చారు. ఆ ఇంట్లో ఏది పంచుకున్నా ఎప్పుడూ ఎవరికీ చాలేది కాదు. కడుపు నిండిందని చిట్టియ్య అబద్ధమాడేవాడు. ఆకలి లేదని రత్తమ్మ అబద్ధమాడేది. చిట్టియ్య కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"రత్తీ, నాకంతా వచ్చేసిందే," అన్నాడు.

"నాక్కూడా మావా," అంది రత్తమ్మ.

పెళ్ళైన ఇన్నేళ్ళలో పంచుకు తిన్నాక ఇద్దరూ నిజం చెప్పడం అదే మొదటిసారి.