ఎడ్వర్డ్‌ను క్రాస్ చేసిన రోజు

తెనాలి కోర్టులో నలభై ఏళ్లు ప్లీడరీ చేసినవాణ్ని. భార్య పోయాక కూతురు సుధేష్ణ నన్ను ఐర్లండ్‌లో తనుండే బాలింకాలిగ్ తీసుకొచ్చింది. పొద్దున్నే అల్లుడూ తనూ ఆఫీసులకు పోతే నన్ను పలకరించేది వాషింగ్ మెషీన్ ఒక్కటే. అదీ తన పని అయిపోయిందని చెప్పడానికి.

లైబ్రరీలో బుధవారం బుధవారం చరిత్ర సంఘం కూడుతుందంటే వెళ్లాను. అందరూ నవ్వేవాళ్లే. ఆగి మాట్లాడింది మాత్రం ఎడ్వర్డ్, రిటైరైన పోస్ట్‌మాన్. మధుసూదనరావు అని నా పేరు మొత్తం నేర్చుకుని మరీ పిలిచాడు. మిగతా ఆరు రోజులూ ఆ బుధవారం కోసమే గడిపేవాణ్ని.

ఒకసారి డెనిస్ డూలన్ గురించి నన్ను ప్రసంగించమన్నారు. ఈ ఊరివాడే అతను, నూట యాభై ఏళ్ల కిందట ఓడెక్కి అమెరికా పోయాడు. ఒహాయోలో ఓ వకీలు దగ్గర గుమాస్తాగా చేరి లా చదివాడు. పేదల కేసులు వాదించాడు, శాసనసభకు నాలుగుసార్లు గెలిచాడు. భర్త పోయిన ఆడవాళ్లను ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా చట్టం తెచ్చాడు. నెలరోజులు అతని పాత కాగితాలన్నీ కంప్యూటర్లో చదివాను. ఇన్నాళ్లకు నాకు మళ్లీ ఒక కక్షిదారు దొరికాడు.

నా ప్రసంగం కాగానే ఎడ్వర్డ్ లేచాడు.

"గొప్పవాడే కావచ్చు. కానీ మా ముత్తాత చెల్లెలు నోరాను పెళ్లాడి ఇక్కడే వదిలేసి పోయాడు. ఒక్క ఉత్తరం కూడా రాయలేదు."

నాలో ప్లీడరు నిద్ర లేచాడు. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసినట్టు మొదలుపెట్టాను.

"పెళ్లి రిజిస్టరు ఉందా?"

"లేదు. చర్చి కాలిపోయింది."

"మీకెవరు చెప్పారు?"

"మా నాన్నమ్మ."

"ఆవిడ కళ్లారా చూసిందా?"

"లేదు."

"అయితే అది విన్న మాట. కోర్టులో నిలవదు."

ఎడ్వర్డ్ మొహం ఎర్రబడింది. "గ్రాండ్" అని, అంటే ఇక్కడివాళ్ల మాటలో సరేలే అని, కోటు తీసుకుని వెళ్లిపోయాడు. టీ తాగేటప్పుడు నా దగ్గరికి ఎవరూ రాలేదు.

"స్పీచ్ ఎలా జరిగింది నాన్నా?" అంది సుధేష్ణ.

"గెలిచానమ్మా."

"స్పీచ్‌లో గెలవడమేంటి నాన్నా?"

తర్వాత రెండు బుధవారాలు ఎడ్వర్డ్ రాలేదు. అసలు సంగతి ఇంకోటుంది. నోరా తన మొగుడికి రాసిన ఉత్తరం డెనిస్ కాగితాల్లో నేను ముందే చూశాను. కక్షిదారుకు ఎదురు తిరిగే కాగితాన్ని ఏ ప్లీడరూ తనంతట బయటపెట్టడు, నేనూ పెట్టలేదు. చచ్చి వందేళ్లు దాటినవాణ్ని కాపాడి, బతికున్న ఒక్క స్నేహితుణ్ని పోగొట్టుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోన్ చేశాను. "ఎడ్వర్డ్, నోరా ఉత్తరం ఉంది. ఆ రోజే నా దగ్గరుంది."

 "చదువు" అన్నాడు.

చదివాను. "పొద్దంతా నాతో మాట్లాడే మనిషి లేడు డెనిస్. తిట్టడానికైనా సరే, ఒక్క ఉత్తరం రాయి." ఆ వాక్యం రెండుసార్లు చదివాను. తర్వాత మిగతాది పూర్తి చేశాను.

"వచ్చే బుధవారం అందరి ముందూ చదువుతావా?" అన్నాడు.

"చదువుతాను."

సరేనన్నాడు. ఇక నాతో మాట్లాడతావా అని అడగబోయాను. ఈలోగా ఫోన్ పెట్టేశాడు.