పలుకుతోంది కదా

"నీదేటి పనే, సూడ్డమే కదా! ఆ సూసేదేదో కొబ్బరి కోరతా సూడు" అంటూ మా అత్త కొబ్బరి చిప్పల గిన్నె తెచ్చి నా ఒళ్ళో పెట్టబోయింది. ఒళ్ళో అప్పటికే లాప్‌టాప్ ఉంది. గిన్నె ఎక్కడ పెట్టాలో తెలీక ఒక్క క్షణం నిలబడి, లాప్‌టాప్‌నే కాస్త పక్కకి జరిపింది మహాతల్లి.

సీతమ్మ నాకు అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. అందుకే మా మధ్య మొహమాటాలేం లేవు. తిట్టాలనుకుంటే తిట్టేస్తుంది, ముద్దొస్తే నెత్తిమీద మొట్టికాయ వేస్తుంది. నా ఉద్యోగం మాత్రం ఆవిడ బుర్రకి ఎక్కలేదు. ఆవిడకేనా? బడిలో లెక్కలు చెప్పే ఆవిడ కొడుకు స్టాన్లీకి కూడా ఎక్కలేదు. ఎవరైనా అడిగితే "మా యావిడా? కంప్యూటర్‌కి కాపలా" అని నవ్వుతాడు. ఆ నవ్వుకి నేనూ నవ్వాలి. ఇన్నేళ్ళూ నవ్వాను కూడా, పళ్ళు నూరుకుంటూ.

విజయనగరంలో ఉమాపతి గారని, వాళ్ళ తాతల నుంచీ బస్సులు నడిపిన కుటుంబం. ఇప్పుడు అందరి ట్రావెల్స్ సీట్లూ ఇంటర్నెట్‌లో అమ్మే కంపెనీ పెట్టారు. మీరో సీటు మీద నొక్కారనుకోండి, డబ్బు కట్టేదాకా ఆ సీటు మీ పేరిట ఒక చీటీలాగా సర్వర్ మెమరీలో ఉంటుంది. డిస్కు మీద రాసుకుంటూ కూర్చుంటే ఆలస్యమని అన్నీ మెమరీలోనే. ఆ మెమరీ ఎంత నిండింది, ఎంతమంది తగులుకుని ఉన్నారు, చోటు చాలక సర్వర్ తనంతట తను ఎన్ని చీటీలు పారేసింది, ఇవన్నీ కనిపెట్టి ఉండడం నా పని. ఇన్ఫో అని ఒక్క ముక్క కొడితే దాని ఒంట్లో సంగతంతా అంకెల్లో చెప్పేస్తుంది. ఆ అంకెలు చదవడం వచ్చిన మనిషి మా కంపెనీలో నేనొక్కదాన్నే. కూతురు పుట్టిన దగ్గర్నుంచీ ఆమదాలవలసలో ఇంట్లో కూర్చునే చేస్తున్నాను. అంతా బాగున్నన్నాళ్ళూ నేనున్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగితే మాత్రం "దీవెనేం చేస్తోంది?" అంటారు.

చోటు నిండిపోతే ముట్టుకుని ఎక్కువసేపయిన చీటీలు తీసి పారెయ్యమని దానికి ముందే చెప్పి పెట్టారు. అది ప్రమాదమని నేను మొత్తుకున్నాను. సీటు చీటీలు పారేస్తే ఎలా సార్, నిండినప్పుడు కొత్తవాళ్ళకి ఇప్పుడు చోటు లేదని చెప్పడం నయం కదా అన్నాను. "కస్టమర్‌తో లేదనే మాట అనకూడదమ్మా. చూద్దాం" అన్నారు ఉమాపతి గారు. పోయిన వారం ఆయనే ఫోన్ చేసి, ఆఫీసులో సర్వర్ల విభాగానికి పెద్దగా ఉంటావా అని అడిగారు. ఇక అలాంటి నిర్ణయాలన్నీ నావే. కాకపోతే రోజూ ఆఫీసుకి రావాలి. ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. పొద్దున్నే పాసింజర్ ఎక్కితే విజయనగరం ఎంత దూరం? స్టాన్లీతో చెప్తే తలెత్తకుండానే "సూద్దాం" అన్నాడు. వారమంతా ఆ మాట చుట్టూనే తిరిగాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను, పిల్ల జడ వేస్తూ వేస్తూ ఆగిపోయాను, కాలు ఒకచోట నిలవలేదు. చూద్దాం అనేవాళ్ళంతా మగవాళ్ళు, చూసేది మాత్రం నేను!

ఆ ఆదివారమే మా సంఘంలో కోత పండుగ. మా బాప్టిస్టు వాళ్ళకి అది క్రిస్మస్ కన్నా సందడి. పంటలో మొదటిది దేవుడికని ఎవరికి ఉన్నది వాళ్ళు తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అరిసెలు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. ఒక ఆనపకాయ కోసం బావాబావమరుదులు పంతాలకి పోయి పాడుకుంటుంటే చూడాలి. ఆ వేలం పాట మైకులో నడిపేది మా స్టాన్లీ. వెనకాల గాడిపొయ్యిల దగ్గర ఊరందరికీ వండేది ఆడవాళ్ళం. నేను చేసిన కేకు ప్రతి ఏడూ "స్టాన్లీ గారింటి కేకు" అనే పేరుతో మంచి పాట పలుకుతుంది. ఈ ఏడు నాకు మధ్యాహ్నం దాకా డ్యూటీ, మాఘమాసం పెళ్ళిళ్ళు, బస్సులన్నీ కిటకిటలాడుతున్నాయి, నన్ను వదిలెయ్యండి అని ముందే చెప్పాను. "పాస్టర్ గారి అరుగు మీద కూకో. నెట్‌కి డాంగిల్ పెట్టుకో. రానంటే సంగంలో ఏటనుకుంటారు?" అన్నాడు స్టాన్లీ. అదీ కొబ్బరి చిప్పలతో నేను ఆ అరుగు మీద కూర్చున్న కారణం.

కొబ్బరి కోరడం అయ్యిందో లేదో అత్త మళ్ళీ కేకేసింది. "ఓలే దీవెనా! గంజి వార్సాల, ఇద్దరు సాలరు, బేగి రా!" కోడలిని పిలిస్తే రాలేదన్న మాట పదిమందిలో ఆవిడ పడలేదు. అప్పటికి వేలం మొదలవలేదు. స్టాన్లీని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. ఫోను కూడా అతని చేతిలో పెట్టాను, గంజి వార్చే చేతుల్లో ఫోనెక్కడ పట్టుకోను? తెర మీద ఒక అంకె వేలితో చూపించాను.

"బావా, ఇది పారేసిన చీటీల లెక్క. ఇప్పుడు సున్నా. ఇది సున్నా కాకపోతే మాత్రం ఒక్క కేకెయ్యి, పరిగెత్తుకొస్తాను. ఫోనొచ్చినా నన్ను పిలు."

"ఓస్, ఇదేనేటి! ఆ రోజు సూపించేవు కదా, పింగ్ అని కొడితే పాంగ్ అంటాది. బతికున్నట్టే."

"బతికుండడం వేరు బావా, బాగుండడం వేరు. అది కాదు, ఈ అంకె చూడు."

"సూస్తాను లేవే. ఎల్లు, అమ్మ సంపేస్తాది."

వెళ్ళాను. తడిగుడ్డలతో గుండిగ అంచు పట్టుకుని నేనొకవైపు, పాస్టరమ్మ ఒకవైపు వంచుతుంటే ఆవిరి ముఖానికి కొట్టింది. చేతులు అన్నం దగ్గర ఉన్నాయి గాని ప్రాణం అరుగు మీదే. ఒక్కసారి వెళ్ళి చూసొస్తానంటే "ఆడున్నాడు కదే మొగుడు, మాస్టారు, నీ కన్నా తెలదేటి?" అంది అత్త. నాకన్నా తెలీదు అత్తా! ఆ ముక్క పైకి అనలేదు. పెళ్ళయిన కొత్తలో డిగ్రీలో నా మార్కులు అతనికన్నా ఎక్కువని ఎవరో అంటే మూడు రోజులు అన్నం సహించలేదు ఆ మహానుభావుడికి. అప్పటినుంచీ నాకు తెలిసినవి తెలియనట్టు ఉండడం అలవాటయింది. ఇంట్లో గ్యాసు అయిపోయినా నేనే మర్చిపోయాను, బీమా గడువు అతను దాటించినా నేనే గుర్తు చెయ్యలేదు. తప్పు నాదేనండీ అనడం నాకెంత బాగా వచ్చేసిందంటే, అడక్కుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. ఛీ, ఏం బతుకిది అనిపించింది అన్నం మీద మూత పెడుతూ.

అంతలో మైకు గరగరలాడింది. "సంగస్తులారా, గుమ్మడికాయ! దేవుని గుమ్మడికాయ! మొదటి పాట ఎవరిది?"

స్టాన్లీ గొంతు! మరి లాప్‌టాప్ దగ్గర ఎవరు? గరిటె అక్కడే పడేసి పరిగెత్తాను. అరుగు మీద ఎవరూ లేరు. గుమ్మడికాయలకీ అరటిగెలకీ మధ్య లాప్‌టాప్ ఒంటరిగా ఉంది. తెర నిండా పింగ్, పాంగ్, పింగ్, పాంగ్, పైనుంచి కిందదాకా అదే. పాపం, శ్రద్ధగానే కొట్టాడు. పిలిచినప్పుడల్లా అది పలికింది, పలుకుతోంది కదా అని లేచి వెళ్ళిపోయాడు. నేను ఇన్ఫో కొట్టాను. సున్నా ఉండాల్సిన చోట పెద్ద అంకె ఉంది. మళ్ళీ కొట్టాను, ఇంకా పెరిగింది. కళ్ళ ముందే జనం సీట్లు రాలిపోతున్నాయి. ఒకరు డబ్బు కడుతుండగా వాళ్ళ చీటీ పోయి, అదే సీటు ఖాళీ అని ఇంకొకరికి కనిపిస్తోంది.

మెమరీని ఏది నింపుతోందో చూశాను. వెతికితే దొరికింది. పొద్దున్న ఎవరో ప్రోగ్రాంలో కొత్తగా ఒక ముక్క కలిపారు, జనం బస్సుల కోసం చేసిన ప్రతి వెతుకులాటనీ అది మెమరీలో దాచిపెడుతోంది, ఎప్పుడు తీసెయ్యాలో గడువు పెట్టలేదు. వాటిని తుడిచేశాను. ఆ పనిని ఆపేశాను. తర్వాత ఎవర్నీ అడక్కుండా, పారెయ్యకు, నిండితే లేదని చెప్పు అని సర్వర్ పద్ధతి మార్చేశాను. అంకె ఆగింది. ఆగిందని నమ్మకం కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

తలెత్తేసరికి స్టాన్లీ ఎదురుగా ఉన్నాడు. మైకు ఇంకెవరికో ఇచ్చొచ్చాడు. చేతిలో నా ఫోను మోగుతోంది. ముఖం పాలిపోయింది. "ఉమాపతి గారు. ఇందాక ఓసారి సేసేరు" అన్నాడు.

ఫోను అందుకున్నాను. "అమ్మా దీవెనా, ఏంటమ్మా ఇది! సాయంత్రం బస్సులో రెండు పెళ్ళిబృందాలకి ఒకే సీట్లు పడ్డాయి. ఇందాక నేను చేస్తే, నువ్వు చూసి అంతా బాగానే ఉందన్నావని మీ ఆయన చెప్పాడు. ఏం చూశావమ్మా?"

నేను చూసి చెప్పానా? స్టాన్లీ వంక చూశాను. అతను దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. "ఔనను. పొరపాటయిపోనాదను. ఆడమనిసివి, పోనీలే అంటారు. పెద్దలందరూ ఇటే సూస్తన్నారే, నా పరువు పోద్ది."

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు కదా. ఈలోగా ఉమాపతి గారే అన్నారు. "సర్లే, జరిగిందేదో జరిగింది. నువ్వెలాగూ ఆఫీసు ఉద్యోగం కుదరదనేశావు కదా, అదీ చెప్పాడు మీ ఆయన. విశాఖపట్నం నుంచి ఒకణ్ణి పెట్టేస్తాను. ఇక నువ్వు రాత్రీ పగలూ ఈ తలనొప్పి పడక్కర్లేదు."

వారమంతా నేను కాలుకాలిన పిల్లిలా తిరిగిన మాటకి, నేను గంజి వారుస్తుండగా జవాబు వెళ్ళిపోయింది! స్టాన్లీ నా కళ్ళలోకి చూడలేదు. "ఇంటి గురించే కదే అన్నాను. పిల్లనెవరు సూస్తారు?" అన్నాడు. వెనకనుంచి అత్త కూడా వచ్చింది. "ఏటయ్యిందే? ఏటలా నిలబడిపోనావు?"

నాకు కోపం వచ్చింది. నిజంగా, నిండా వచ్చింది. దాచుకోవాలనిపించలేదు.

"సార్" అన్నాను, అందరికీ వినిపించేలాగే. "బాగానే ఉందన్న మాట నాది కాదు. అప్పుడు నేనక్కడ లేను, నన్నెవరూ పిలవలేదు. వచ్చి చూసి ఆపింది మాత్రం నేను. ఏం జరిగిందో, ఏం మార్చానో ఇప్పుడే రాసి పంపుతాను. ఆఫీసుకి రావడం కుదరదన్న మాట కూడా నాది కాదు. రేపు పొద్దున్న పాసింజర్‌కి వస్తున్నాను."

వేలంలో ఎవరో కోడిని పాడుకున్నట్టున్నారు, ఆవరణలో చప్పట్లు. స్టాన్లీ ముఖం ఎర్రబడింది. అత్త నా వంకా కొడుకు వంకా మార్చి మార్చి చూసింది.

"అది కాదమ్మా" అన్నారు ఉమాపతి గారు, గొంతు తగ్గించి. "నువ్వు కోపంలో ఉన్నట్టున్నావు. ఒకసారి మీ ఆయనకియ్యి ఫోను, మాట్లాడతాను."

స్టాన్లీ చెయ్యి చాచాడు.

"ఇవ్వను సార్" అన్నాను. "నాతో చెప్పండి."