సింధూజ లెక్కలో మూడో పేజీ

నాకు సింధూజ అంటే కుళ్లు. ఇద్దరివీ మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగోళ్లుండే నవాగామ్‌లో పక్కపక్క గదులు, ఇద్దరి నాన్నలూ ఒకే పవర్‌లూమ్ కార్ఖానాలో పని, ఇద్దరం ఎమ్మెస్సీ ఫిజిక్స్. మార్కులు మాత్రం దానివి. మా అమ్మ కూడా "సింధును జూసి నేర్చుకో" అంటుంది. సెమినార్ చూసి, వేసవి పరిశోధనకు కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతామన్నారు మా ఫిజిక్స్ మేడమ్. ఆ సీటు నాకు కావాలి. అంతకన్నా ముందు, దానికి రాకూడదు.

సెమినార్‌కు రెండు రోజుల ముందు అది నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"జర చూడే సంధ్యా. నేసినోళ్ల కండ్లకు వాళ్ల తప్పు కానరాదు గదా."

మావాళ్ల పద్ధతే అది. నేసిన బట్టను ఎవరికి వారు సరిచూసుకోరు, పక్క మగ్గంవాళ్లకు చూపిస్తారు.

గురుత్వ తరంగం బలమైన అయస్కాంత క్షేత్రంలోంచి వెళ్తే, అందులో రవ్వంత విద్యుదయస్కాంత తరంగంగా మారుతుంది. రెండూ అడుగు కలిపి నడిచినంతసేపూ ఆ రవ్వంత పోగవుతూ ఉంటుంది. న్యూట్రాన్ నక్షత్రం దగ్గర ఎంత పోగవుతుందో సింధూజ లెక్క కట్టింది. మూడో పేజీలో దొరికింది నాకు. నక్షత్రం చుట్టూ శూన్యమే అనుకుంది పిచ్చిది. అక్కడ ప్లాస్మా, అంటే ఆవేశిత కణాలు ఉంటాయి. వాటి మధ్య కొత్త తరంగం అడుగు తప్పుతుంది, పోగవడం ఆగిపోతుంది. దాని జవాబు వేల రెట్లు ఎక్కువొచ్చింది. అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది.

"అంతా మంచిగుంది," అని నోట్‌బుక్ తిరిగిచ్చేశాను.

సెమినార్‌లో మేడమ్ సరిగ్గా అక్కడే ఆపారు. "చుట్టూ ప్లాస్మా ఉంటుంది కదా?" అని హిందీలో అడిగారు. సింధూజ తెల్లబోయింది. నవ్వు కనపడకుండా నేను తల దించుకున్నాను.

"తప్పే మేడమ్," అంది అది. "కానీ సంధ్య కూడా చూసింది. దానికి నాకంటే బాగా తెలుసు. దానికే దొరకలేదంటే, ఎవరికైనా కష్టమే."

మేడమ్ నావైపు తిరిగారు. "నీకు కనపడలేదా?"

కనపడలేదంటే సీటు పోతుంది, కనపడిందంటే పరువు పోతుంది. సింధూజ కన్నా తెలివితక్కువదాన్ని అనిపించుకోవడం మాత్రం నావల్ల కాలేదు.

"కనపడింది మేడమ్. ఆ రోజే."

మేడమ్ నన్ను ఒకసారి చూసి, వేసవి సీటుకు నా పేరే రాసుకున్నారు.

వరండాలో సింధూజ నాకోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"నీకు సీటు గంత గావాలంటే ఒక్క మాట జెప్పకపోతివి," అంది. "నేను పేరే ఇయ్యకపోతుంటి గదనే."