పాపిష్టి కట్టె

హేమావతి నాలుగు వారాలుగా మాయకత్తి కథ రాస్తోంది. విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, ఒలవడానికి వాళ్ల వసారాలో చేరే ఆడవాళ్లే ఆమె శ్రోతలు. రాసినంతవరకూ ఆమె చదవాలి, వాళ్లు ఒలుస్తూ వినాలి, విని తప్పులు పట్టాలి. 2003 వేసవిలో ముదిగుబ్బ పక్కన ఆ పల్లెకు అంతకు మించిన కాలక్షేపం లేదు. టీవీలున్నాయి గానీ కరెంటు ఉంటే కదా.

ఆ రోజు చదివిన భాగంలో రాజు ఆ కత్తితో సొంత తమ్ముణ్ణే నరికాడు.

"పాపిష్టి కత్తి! దాన్ని ముందు బాయిలో పారెయ్యమను" అంది ఎదురింటి మారెక్క.

"కత్తి ఏం చేసిందక్కా? నరికింది రాజు. ఇనుముకు పాపం పుణ్యం ఏం తెలుస్తాది?"

"ఎందుకు తెలీదు? కొన్ని పుట్టడమే చెడ్డగా పుడతాయి. పుస్తకాలు సదివినోళ్లకు అది యాడ అర్థమైతాది!"

హేమావతికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మూడు రోజులుగా ఏం చదివినా ఇదే గోల. రాత్రుళ్లు మేలుకొని రాజు గుండెలో ఈర్ష్యను పొర పొరగా రాసుకొస్తే, వీళ్లు దాన్నంతా కత్తి నెత్తిన రుద్ది హాయిగా చెనిక్కాయలు ఒలుచుకుంటున్నారు.

అంతలో ఆ ఊరి రైతు ఓబిలేష్ వచ్చాడు, జత ఎద్దులను తోలుకుంటూ. హేమావతి తండ్రి లింగప్ప నీళ్లు చూసే మనిషి. వేప పంగపుల్ల రెండు కొసలూ పట్టుకుని చేనంతా నడుస్తాడు, అది వంగినచోట బోరు వేయమంటాడు. ఓబిలేష్ చేన్లో అది మూడు చోట్ల వంగింది. మూడు బోర్లలోనూ దుమ్ము తప్ప చుక్క రాలేదు.

"చిన్నాయనా, నీ కట్టెలోనే చెడు ఉండాది. దాన్ని కాల్చెయ్" అంటూ ఓబిలేష్ పచ్చి పుల్లొకటి వసారాలోనే ఉన్న లింగప్ప చేతిలో పెట్టాడు. "దీంతో ఇంకొగ పాయింటు చూడు. ఎద్దులను సంతకు తోలుతాండా. అమ్మి బోరేపిస్తా."

లింగప్ప మొహం విప్పారింది. "నాకూ అనుమానమేరా. ఆ కట్టెకేదో పట్టింది."

"మేం చెప్పలే!" అంది మారెక్క.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. హేమావతి కాగితాలు పక్కన పడేసి లేచింది.

"ఎద్దులు పోతే సేద్యం దేంతో చేస్తావన్నా? నాయనా, ఈ కొత్త కట్టె వంగకపోతే?"

"వంగుతాది."

"ఎట్ల తెలుసు? ఇంకా చేనికి పోనేలేదే!"

లింగప్ప పచ్చి పుల్లను అటూ ఇటూ తిప్పాడు.

"వంగకపోతే వీడు నా ముందర ఏడుస్తాడు. ఆ ఏడుపు నేను చూడలేనమ్మా. మూడు తూర్లూ నేనే వంచినా."

ఒలిచే చేతులు ఆగిపోయాయి. వాదనలో హేమావతే గెలిచింది, గెలిచినందుకు ఆమెకు ఏడుపొచ్చింది. ఓబిలేష్ ఎక్కడ తండ్రి గొంతు పట్టుకుంటాడోనని భయపడింది కూడా.

ఓబిలేష్ కదల్లేదు.

"తెలుసు చిన్నాయనా. మూడోసారి నీ మణికట్టు తిరిగేది చూసినా. అయినా వచ్చినా. ఇంకొగ తూరి వంచు."

హేమావతికి ఒళ్లు మండిపోయింది, ఎవర్ని తిట్టాలో తెలియక మరీ మండింది. తెలిసి మోసం చేసేవాడొకడు, తెలిసి మోసపోయేవాడొకడు. ఇద్దరూ కలిసి కాల్చాలనుకున్నది మాత్రం పుల్లను!

లింగప్ప పచ్చి పుల్లను ఓబిలేష్ చేతికే తిరిగి ఇచ్చేశాడు.

"నీ చేన్లో నీళ్లు యాడుండాయో నాకు తెలీదురా" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఓబిలేష్ అక్కడే నేలమీద కూలబడి బావురుమన్నాడు. లింగప్ప తల తిప్పుకోలేదు. ఎదురుగా కూర్చుని, వాడి ఏడుపు తీరేదాకా చూశాడు. ఆ తర్వాత లేచి ఎద్దుల పలుపులు తనే పట్టుకున్నాడు.

"పా, ఇంటికి తోలుకొనిపోదాం."